గెలవకముందే వేసిన తెలుపు

కుమాసిలో టాక్సీలకు నాలుగు మూలలా నారింజ రంగు ఎక్కించడం దుఫీకి వచ్చినంత శుభ్రంగా ఇంకెవరికీ రాదు. ఈ మాట ఆమె చెప్పుకున్నది కాదు. ఆమెతో పోటీకి దిగి చతికిలపడ్డ మగవాళ్ళు కల్లుకొట్లో కూర్చుని నోరు జారి ఒప్పుకున్నది. సువామే మ్యాగజైన్ అంటే ఆషామాషీ చోటా? ఊరికి ఉత్తరాన ఉన్న మెకానిక్ షెడ్ల పేట, ఎటు చూసినా ఇనుము, గ్రీజు, సుత్తిమోతలు. అక్కడ దొరకని బోల్టు లేదు, బతికించలేని బండి లేదు. అలాంటి చోట రంగు చిమ్మే గన్ను చేతబట్టిన ఆడమనిషి చాలాకాలం పాటు దుఫీ ఒక్కతే.

వాళ్ళమ్మ మ్యాగజైన్ మొగదల అలసందలన్నం అమ్మేది. గిన్నెలు షెడ్లకు మోసుకెళ్ళే పని దుఫీది. సార్‌పాంగ్ మేస్త్రి షెడ్డు దగ్గరికి రాగానే ఆ పిల్ల కాళ్ళు ఆగిపోయేవి. సొట్టలు పడి, బొగ్గు పట్టిన బండి మీదికి గన్నులోంచి సన్నటి పొగలా రంగు పోయి కూర్చోవడం, కూర్చున్న చోటల్లా బండి కొత్తదైపోవడం చూస్తూ ఖాళీ గిన్నెల సంగతే మరిచిపోయేది. ఒకరోజు మేస్త్రికి విసుగొచ్చి, ఊరికే చూడ్డమెందుకు, వచ్చి పట్టుకోమన్నాడు. వేళాకోళానికే అన్నాడు. దుఫీ వచ్చి పట్టుకుంది, మళ్ళీ వదల్లేదు.

తల్లి తొందరగానే పోయింది. దుఫీనీ చెల్లెలు బిరాగోనీ పెంచింది తల్లికి అక్క, అన్సొమా పెద్దమ్మ. ఆవిడకు దుఫీ పని మొదట్నుంచీ గిట్టేది కాదు. పెట్రోలు కంపు కొట్టే పిల్లనెవడు చేసుకుంటాడని పొద్దస్తమానం సాధించేది. చేసుకున్నాడు ఒకడు. కొన్నాళ్ళకు ఆ కంపే పడలేదంటూ వెళ్ళిపోయాడు. దుఫీ పెద్దగా బాధపడలేదు గానీ, అతని బండి ఎప్పుడైనా షెడ్డు ముందు ఆగితే మాత్రం చూడనట్టు తల తిప్పుకునేది.

బిరాగోకు పెళ్ళి కుదిరింది కూడా రంగు పుణ్యమానే. బదూ అనే టాక్సీవాడు నారింజ మూలలు వేయించుకోవడానికి వచ్చి, అక్కకు అన్నం తెచ్చిన చెల్లెల్ని చూశాడు. తర్వాత నెలనెలా బండికేదో ఒక గీత పడుతూనే ఉండేది. ఆ గీతలు ఎవరు గీస్తున్నారో దుఫీకి తెలియక కాదు, డబ్బులిస్తున్నాడు కదాని ఊరుకుంది. పెళ్ళయ్యాక ఇక్కడందరిలాగే బదూ తన తల్లివైపు ఇంట్లోనే ఉన్నాడు, బిరాగో తన తల్లివైపు ఇంట్లోనే ఉంది. సాయంత్రం కూర గిన్నె ఇటునుంచి అటు వెళ్ళేది, రాత్రికి బదూ అటునుంచి ఇటు వచ్చేవాడు.

తాఫో పేటలో ఉన్న ఆ ఇల్లు వాళ్ళ అమ్మమ్మగారి అన్నయ్య కట్టించింది. మధ్యన పెద్ద వాకిలి, చుట్టూ నాలుగు వైపులా గదుల వరసలు, పైన తుప్పు పట్టి గోధుమరంగుకు తిరిగిన రేకులు. తూర్పు వరసలో దుఫీ, బిరాగో. పడమటి వరసలో పెద్దమ్మ. తక్కిన రెండు వరసల్లో వరసకు పిన్నులు, వాళ్ళ కూతుళ్ళు. మార్చి నెల మధ్యాహ్నాలు ఆ గదుల్లో ఉండటమంటే రొట్టెల పొయ్యిలో కూర్చోవడమే. ఎండకు రేకులు టక్ టక్‌మని కొట్టుకుంటూ ఉండేవి. అందరూ వాకిట్లో గోడ నీడను పట్టుకుని, అది జరిగినకొద్దీ తామూ జరుగుతూ ఉండేవాళ్ళు.

అలా జరగడానికి వీల్లేనిది బాలింత ఒక్కతే. బిడ్డ పుట్టాక ఏడు రోజులు తల్లీబిడ్డా గడప దాటకూడదు. ఆ ఏడు రోజులూ బిడ్డ మన మనిషి కాదు, చుట్టం. ఉంటుందో, వచ్చిన దారినే పోతుందో తేల్చుకోవడానికి వచ్చిన చుట్టం. ఎనిమిదో రోజు తెల్లవారుజామున బయటికి తెచ్చి పేరు పెడితేనే ఇంటి మనిషవుతుంది. బిరాగో మొదటి కొడుకు సరిగ్గా మార్చిలోనే పుట్టాడు. ఆ గదిలో, ఆ రేకు కింద, ఒళ్ళంతా చెమటకాయలు పేలి, జ్వరం ముంచుకొచ్చి, పేరు పెట్టే రోజు రాకముందే వెళ్ళిపోయాడు. వేడి వల్లనేనని డాక్టరు అనలేదు, కాదనీ అనలేదు. పేరు పెట్టని బిడ్డ కోసం ఏడవకూడదు. బిరాగో ఏడవలేదు, లేచి నీళ్ళకు వెళ్ళింది. బిందె నెత్తికెత్తుకుని వస్తున్న చెల్లెల్ని దుఫీ చూసింది. ఆ రోజునుంచి ఆ రేకంటే ఆమెకు పగ.

ఆ పగ తీర్చుకునే ఉపాయం నగరపాలక ఆఫీసు నుంచి ఫ్రెమా అనే ఇంజనీరమ్మ రూపంలో మ్యాగజైన్‌కే నడిచొచ్చింది. ఊరు ఏటేటా వేడెక్కిపోతోందని, చెట్లు పోయి రేకులు మిగిలాయని, స్కూళ్ళ కప్పుల మీద ఎండను తిరగ్గొట్టే తెల్లరంగు వేయించాలని, కప్పెక్కి గన్ను పట్టగలవాళ్ళు కావాలని షెడ్డు షెడ్డుకూ తిరుగుతోంది. కార్లు వదిలి కప్పులెక్కడమేమిటని మగవాళ్ళు నవ్వారు. దుఫీ నవ్వలేదు. మిట్టమధ్యాహ్నం తెల్లకారు మీద చెయ్యి ఆనించొచ్చు, నల్లకారు మీద ఆనిస్తే చర్మం ఊడొస్తుంది. ఇన్నేళ్ళుగా అరచేతికి తెలిసిన సంగతి ఇంటి కప్పుకు ఎందుకు పనికిరాదో అని తనలో తను అనుకుంటున్నదే. ఫ్రెమా మాట పూర్తి కాకముందే నిచ్చెన ఎక్కడుందని అడిగింది.

ఆ ఏడాది వాళ్ళిద్దరూ కలిసి స్కూళ్ళు తిరిగారు. తుప్పు గీకడం, కడగడం, అడుగు పూత, దాని మీద తెల్లపూత. మేకులు వరసగా ఉన్నచోటే కాలు వేయాలి, కింద దూలం ఉండేది అక్కడే. తప్పితే రేకుతో సహా తరగతి గదిలోకి దిగిపోవడమే. పూత ఆరాక ఫ్రెమా థర్మామీటరు చూసి అంకెలు రాసుకునేది. దుఫీ మాత్రం గదిలోకి వెళ్ళి పిల్లల ముఖాలు చూసేది. మధ్యాహ్నం నిద్రతో తూగే పిల్లలు లేచి అల్లరి చేస్తుంటే ఆమెకు ఎక్కడలేని హుషారు వచ్చేది. పంతులుగారికి మాత్రం అంత హుషారు ఉండేది కాదు.

స్కూళ్ళు సరే, ఇళ్ళవాళ్ళు మాత్రం ససేమిరా అన్నారు. ఫ్రెమా ఎన్ని కాగితాలు పంచినా తాఫో పేటలో ఒక్క కప్పూ తెల్లబడలేదు. ఎందుకు ఒప్పుకోవడం లేదో దుఫీ పట్టించుకోలేదు. ఆమె ధ్యాసంతా తూర్పు వరస మీదే ఉంది. బిరాగో మళ్ళీ కడుపుతో ఉంది, ఈసారీ మార్చిలోనే నెలలు నిండుతాయి.

ఫిబ్రవరి ఆఖరి శనివారం పెద్దమ్మ ఎవరి అంత్యక్రియలకో పల్లెకు వెళ్ళింది. ఆవిడ అటు వెళ్ళగానే దుఫీ ఇటు కంప్రెసరు తెచ్చేసింది. స్కూళ్ళ పనిలో మిగిలిన డ్రమ్మును ఫ్రెమా ఆనందంగా ఇచ్చింది. పేటలో మొదటి ఇల్లు కదా. శనివారం గీకుడు, ఆదివారం పూత. గన్నులోంచి తెలుపు బుస్సుమంటూ వెళ్ళి తుప్పును మింగేస్తుంటే దుఫీ కప్పు మీద కూనిరాగాలు తీసింది. మధ్యాహ్నానికి వరసంతా తెల్లగా, కళ్ళు జిగేల్మనేట్టు తయారైంది. కిందికి దిగి చెల్లెలి గదిలోకి దూరితే, బిరాగో మంచం మీద పడుకుని పైకి చూస్తోంది.

"అక్కా, ఏంటి ఇది? రేకు నోరు మూసుకుంది."

నిజమే, టక్ టక్ లేదు. దుఫీ చెల్లెలి పక్కనే నేలమీద వెల్లకిలా పడుకుంది. పట్టపగలు, తలుపు వేసుకుని, ఆ గదిలో ఇద్దరు మనుషులు హాయిగా ఊపిరి పీల్చుకోగలగడం వాళ్ళ ఎరుకలో అదే మొదలు. ఇద్దరూ చిన్నపిల్లల్లా కిలకిల నవ్వుకున్నారు.

సాయంత్రం పెద్దమ్మ వచ్చింది. ఒంటిమీద చావుకు కట్టే నల్లబట్ట, నుదుటికి ఎర్రగుడ్డ. గుమ్మం దాటి రెండడుగులు వేసి, తల ఎత్తి, అక్కడే ఆగిపోయింది.

"ఎవరే గెలిచింది? కోర్టులో మనకు కేసు కూడా లేదే?"

"కేసు లేదు, ఏం లేదు పెద్దమ్మా. బిరాగో కోసం వేశా. పుట్టే బిడ్డ చల్లగా పడుకుంటుందని."

అన్సొమా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మెల్లగా వాకిట్లో మట్టిమీదే కూలబడింది. అప్పుడు తగిలింది దుఫీకి. ఇన్నాళ్ళూ స్కూళ్ళూ కార్లూ తిరిగి తిరిగి, తన ఇంట్లో తెలుపంటే ఏమిటో మరిచిపోయింది.

ఇక్కడ పురుడంటే యుద్ధం. కడుపుతో ఉన్న మనిషి కత్తి పట్టుకుని వెళ్తున్నట్టే లెక్క. బతికి బిడ్డతో తిరిగొస్తే ఊరంతా ఎదురెళ్ళి, నీ తలకు ఆయుష్షు అని పలకరించి, మెడకూ భుజాలకూ తెల్లసుద్ద పూస్తారు, తెల్లబట్ట కడతారు. కోర్టులో గెలిచినవాడికీ అదే తెలుపు. గెలిచాకే తెలుపు. యుద్ధానికి వెళ్ళకముందు పూయడమంటే మృత్యువును పిలిచి, నిన్ను ఓడించేశామని దాని ముఖానే నవ్వడం. దుఫీ చెల్లెలి యుద్ధానికి ముందే ఇల్లంతటికీ సుద్ద పూసి కూర్చుంది.

"వెళ్ళకముందే పూస్తారటే ఎవరైనా?" అంది పెద్దమ్మ. "మా అత్త నాకు ముందే తెల్లబట్ట కొనిపెట్టింది. సంబరం ఆపుకోలేక. ఏమైందో నీకు తెలుసుగా."

తెలుసు. ఇంట్లో అందరికీ తెలుసు. అన్సొమా ఆ యుద్ధానికి వెళ్ళినప్పుడల్లా ప్రాణంతో వచ్చింది, ఉత్తచేతులతో వచ్చింది. ఆ తర్వాత మొగుడు ఇంకోదాన్ని చేసుకున్నాడు. ఆవిడ ఈ ఇంటికొచ్చి చెల్లెలి పిల్లల్ని పెంచింది.

దుఫీ వాదించింది. ఎవరు గెలిచారో ఓడారో ఎండకేం తెలుస్తుందని అడిగింది. ఎండకు తెలియదు, తెలియాల్సినవాళ్ళకు తెలుస్తుంది, గీకెయ్ అంది పెద్దమ్మ. పిన్నులందరూ ఆవిడవైపే చేరారు. దుఫీకి అదంతా ఒక ఎత్తు, చెల్లెలు ఒక ఎత్తు. ఆ రాత్రే బిరాగో చాప చుట్టుకుని గదిలోంచి వచ్చేసి వంటపాకలో పడుకుంది. అక్క ముఖంలోకి చూడకుండా, భయమేస్తోందక్కా, అంది.

మర్నాడు మ్యాగజైన్‌లో దుఫీ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. గీకితే బిడ్డకు మళ్ళీ ఆ పొయ్యే. గీకకపోతే చెల్లెలు ఆ గది గడప తొక్కదు. ఫ్రెమాకు చెబితే ఆవిడ పాపం నిజంగానే ఆలోచించి, తెలుపు కాకుండా లేత మీగడ రంగు వేస్తే ఎలా ఉంటుందంది. ఆ మాట మోసుకొచ్చి చెబితే పెద్దమ్మ, "పాలు విరిగితే నల్లబడతాయా?" అని ఒక్కటే అడిగింది. మీగడ రంగు అక్కడితో సరి.

తెల్లవారుజామున మంచం మీద నిద్ర పట్టక, దుఫీ వాకిట్లోకి వచ్చి కూర్చుంది. పెద్దమ్మ అప్పటికే లేచి, రోజూ చేసే పనే చేస్తోంది. ఎర్రమన్ను నీళ్ళలో కలిపి, గుడ్డ ముంచి, పొయ్యి గట్టు అలుకుతోంది. దుఫీ చాలాసేపు ఆ చేతివంకే చూసింది. గుడ్డ పోయినచోటల్లా గట్టు ఎర్రగా మెరుస్తోంది.

"పెద్దమ్మా, యుద్ధానికి వెళ్ళేటప్పుడు నుదుటికి ఏం పూసుకుంటారు?"

"ఎర్రమన్ను. అదీ మరిచిపోయావా?"

"మరిచిపోలేదు. చెల్లితోపాటు ఇల్లు కూడా వెళ్తుంది. కప్పుకు ఎర్రమన్ను పూస్తా. తిరిగొచ్చాక కడిగేద్దాం."

అన్సొమా గుడ్డ పిండింది. మళ్ళీ ముంచింది. గట్టు కొసదాకా అలికింది. ఆఖరికి ఆవిడ లేచి, తెలుపు కనబడకూడదు, మేకు తల అంత కూడా, అంది. మన్ను తనే కలుపుతానంది, దుఫీ కలిపితే పెట్రోలు వాసనొస్తుందట. దుఫీ ఎగిరి గంతేసినంత పని చేసింది.

ముందు ఒక పాత రేకు ముక్కకు తెలుపు వేసి, మన్ను పూసి, ఆరాక చీపురుతో కడిగి చూసింది. వచ్చేస్తోంది. గన్ను పనికిరాదు, మన్ను దాని గొంతుకు అడ్డం పడుతుంది. అందుకని పిన్నులు కింద కలుపుతుంటే, పైన దుఫీ వెడల్పాటి కుంచెతో పూసింది. పెద్దమ్మ వాకిట్లో నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అదిగో అక్కడ, ఇదిగో ఇక్కడ అంటూ మేస్త్రి కన్నా ఎక్కువ సాధించింది. సాయంత్రానికి తూర్పు వరస ఎర్రగా, నిప్పుకణికలా నిలబడింది.

పేటంతటికీ చెప్పకుండానే అర్థమైంది. దారినపోయే ఆడవాళ్ళు కప్పు చూసి ఆగి, లోపలున్న మనిషి క్షేమంగా తిరిగి రావాలని అనుకుని వెళ్తున్నారు. బిరాగో చాప మళ్ళీ గదిలోకి వెళ్ళింది. మునుపటంత వేడి లేకపోయినా చల్లదనం పోయిందనే చెప్పాలి. అయినా ఆమె నిద్రపోయింది. బదూ మాత్రం కప్పు కేసి చూసి, నా టాక్సీకి కూడా ఇన్నిసార్లు రంగు మార్చలేదు వదినా, అన్నాడు. నీ టాక్సీ కడుపుతో లేదు కదా మరిదీ, అంది దుఫీ.

మార్చి రెండో వారంలో ఒక సాయంత్రం, ఎవరూ అనుకోకుండా, ఆ ఏటి తొలి వాన విరుచుకుపడింది. చూరుల కింద పెట్టిన పీపాలు నిమిషాల్లో పొంగాయి. ఇంట్లోవాళ్ళందరూ వరండాల్లో నిలబడి కప్పు వంకే చూస్తున్నారు. తూర్పు వరస నుంచి ఎర్రటి నీళ్ళు ధారలుగా కారుతున్నాయి, వాటి వెనకే అక్కడక్కడా తెలుపు పళ్ళికిలిస్తోంది. పెద్దమ్మ వానలోనే వాకిట్లోకి వెళ్ళి, రెండు చేతులూ పైకెత్తి, ఇంకా లేదు, ఇంకా లేదు అని ఎవరికో చెబుతూ నిలబడింది. బలవంతాన లోపలికి లాక్కొచ్చారు.

తెల్లారేసరికి దుఫీ కప్పు మీద ఉంది. తడి రేకు మీద కాలు జారుతోంది. అయినా సగం దాకా మళ్ళీ ఎరుపు పూసింది. అప్పుడు కింద గదిలోంచి ఒక మూలుగు వినబడింది. కుంచె చేతిలోనే ఆగిపోయింది. ఆ తర్వాత అంతా ఒక్కసారే జరిగింది. బదూ టాక్సీ గుమ్మంలోకి రావడం, పిన్నులు మూటలు విసరడం, చెల్లెలు పళ్ళు బిగించి వెనక సీట్లో కూర్చోవడం. దుఫీ నిచ్చెన మీద కాలు పెట్టింది, చెల్లెలితో ఆసుపత్రికి వెళ్దామని.

పెద్దమ్మ నిచ్చెన మొదట్లో నిలబడి ఉంది.

"దిగకు. అది యుద్ధంలోకి వెళ్ళిపోయింది, ఇల్లింకా సగం తెల్లగా ఉంది. నేను మన్ను కలుపుతా, నువ్వు పుయ్యి."

చదువుకున్నవాళ్ళు నవ్వితే నవ్వనీ, ఆ పూట దుఫీ నవ్వలేదు. చెల్లెలికి తను చేయగలిగింది ఇంకేముంది? పూసింది. ఎండెక్కుతున్నకొద్దీ రేకు కాళ్ళను కాలుస్తున్నా పూసింది. డెబ్బై దాటిన పెద్దమ్మ బకెట్టు నిచ్చెన సగందాకా తెచ్చి అందిస్తుంటే, వద్దని చెప్పే ఓపిక కూడా లేక అందుకుని పూసింది. కొస మేకు దాకా ఎర్రబడ్డాక ఇద్దరూ కప్పు నీడన కూర్చున్నారు. ఇద్దరి చేతులూ మోచేతుల దాకా ఎర్రగానే ఉన్నాయి. ఫోను ఇద్దరి మధ్యా నేలమీద పెట్టుకుని దాన్నే చూస్తున్నారు.

ఎండ నడినెత్తిన ఉండగా మోగింది. దుఫీ స్పీకరు పెట్టింది. బదూ గొంతు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"బిరాగో తిరిగొచ్చింది" అన్నాడు.

ముందు ఆ మాటే చెప్పాలి. తర్వాతే బిడ్డ మాట. ఆడపిల్ల, గట్టిగా ఉంది, గొంతు వినమని ఫోను దగ్గర పెట్టాడు. ఆ గొంతు అన్సొమా వింది. ఆ తర్వాత లేచింది చూడండి, ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ చూడని వేగంతో లేచింది. సాయంత్రానికల్లా వాళ్ళు వచ్చేస్తారు, గెలిచినదాన్ని ఎర్ర కప్పు కిందికి రానిస్తారా, కడగండి, కడగండి అంటూ నాలుగు వరసలూ తిరిగింది.

కొళాయిలో చుక్క లేదు. అయితేనేం, నిన్నటి వాన పీపాల నిండా ఉంది. పిన్నులు, వాళ్ళ కూతుళ్ళు, ఎదురింటివాళ్ళు, దారినపోతూ ఏమిటీ గోలని తొంగిచూసి ఇరుక్కుపోయినవాళ్ళు, అందరూ నిచ్చెన వరకూ బారులు తీరారు. బకెట్లు చేతులు మారుతూ పైకి వస్తుంటే, దుఫీ గుమ్మరించి చీపురుతో రుద్దుతోంది. ఎర్రనీళ్ళు చూరులోంచి జలజలా కారి అందరి తలల మీదా పడుతున్నాయి. ఎవరూ పక్కకు తప్పుకోలేదు. ఒకావిడ పాట ఎత్తుకుంటే అందరూ అందుకున్నారు. ఎరుపు వెనక్కి వెళ్ళింది, తెలుపు ముందుకు వచ్చింది. బదూ హారను వీధి మొదట్లో వినబడేసరికి ఆఖరి బకెట్టు పోస్తున్నారు. చూరు అంచున కాస్త గులాబీ రంగు మిగిలిపోయింది. దాన్ని పెద్దమ్మ చూడలేదు, లేదా చూసి ఊరుకుంది.

బిరాగో బిడ్డతో దిగింది. నీ తలకు ఆయుష్షు, నీ తలకు ఆయుష్షు అని వాకిలంతా మోగిపోయింది. అన్సొమా ముందుకొచ్చి, ఎర్రటి చేతులు కడుక్కుని, చెల్లెలి కూతురి మెడకు తెల్లసుద్ద పూసింది. దుఫీ కప్పు మీంచే చూసింది.

ఆ ఏడు రోజులూ ఎండ నిప్పులు చెరిగింది. పక్క వరసల రేకులు టక్ టక్‌మంటూనే ఉన్నాయి. తూర్పు గదిలో మాత్రం బిడ్డ పాలు తాగడం, నిద్రపోవడం, ఒంటి మీద ఒక్క చెమటకాయ లేకుండా. చూడవచ్చిన ఆడవాళ్ళు చూసి వెళ్ళరే. మధ్యాహ్నం వచ్చి, చల్లగా ఉందమ్మా అంటూ చతికిలబడి, సాయంత్రానికి గానీ లేచేవాళ్ళు కాదు. వెళ్తూ వెళ్తూ, మా కోడలికి జూన్‌లో, మా అమ్మాయికి వచ్చే నెల్లో, ముందు ఎరుపు, తర్వాత తెలుపు, మాకూ పూస్తావా అని దుఫీ చెవిలో వేసేవాళ్ళు. ఫ్రెమా కాగితాలు పంచి ఏడాదిలో ఒప్పించలేని పేట వారంలో ఒప్పేసుకుంది. ఆ మాట విని ఫ్రెమా పగలబడి నవ్వి, ఇకనుంచి రంగు డ్రమ్ములు పురిటి లెక్కన తెప్పిస్తానంది.

దుఫీకి ఆ హుషారులో ఒకటే వెలితి. పడమటి వరస. ఆ తుప్పు రేకు కింద పెద్దమ్మ ఒక్కతే, మధ్యాహ్నమైతే కొంగుతో విసురుకుంటూ వరండాలో కూర్చుంటోంది. బిడ్డ గదిలోకి రమ్మంటే బాలింతకు అడ్డం ఎందుకంటుంది. నీ వరసకూ వేస్తా పెద్దమ్మా, రంగు ఉంది, గన్ను ఉంది, ఒక్క పూట పని అంది దుఫీ. మొదటిసారి పెద్దమ్మ విసురుకుంటూనే ఉంది. రెండోసారి అడిగితే, "నేనేం గెలిచానని?" అంది. అంత మామూలుగా, ఉప్పు అయిపోయింది అన్నట్టుగా అంది. దుఫీ ఇక ఆ మాట ఎత్తలేదు గానీ, గన్ను తుడిచినప్పుడల్లా ఆ రేకు వంక చూసి పళ్ళు నూరుకునేది.

ఎనిమిదో రోజు తెల్లవారుజామున వాకిలి నిండింది. అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. బదూవైపు అక్కలు ముందు వరసలో, గొలుసులు సర్దుకుంటూ కూర్చున్నారు. బిడ్డకు పేరు పెట్టే హక్కు తండ్రిది కనక, ఆ పేరు తమ తల్లిదేనని వాళ్ళకు రూఢి. బిడ్డను గడప దాటించి తెచ్చి బదూ వాళ్ళ మామయ్య ఒళ్ళో పెట్టారు. ఆయన బిడ్డ నాలుకపై నీటిచుక్క వేశాడు, సారాయిచుక్క వేశాడు, రెండింటికీ తేడా తెలిసినట్టే అబద్ధానికీ నిజానికీ తేడా తెలిసి బతకమన్నాడు. తర్వాత బదూ వైపు చెవి ఒగ్గాడు. బదూ చెప్పాడు. ఆయన ఒకసారి కళ్ళు పైకెత్తి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"దీని పేరు అన్సొమా."

అక్కల గొలుసులు చప్పుడు ఆపేశాయి. బదూ లేచి, వాళ్ళవైపు చూడకుండా, నేలకేసి చూస్తూ చెప్పాడు. "నా భార్య యుద్ధానికి వెళ్తే ఇంటిదగ్గర కాపలా కాసింది ఈవిడే. నా బిడ్డ ఇంకెవరి పేరు పెట్టుకుని బతుకుతుంది?"

ఎవరి పేరు పెడితే వాళ్ళే మళ్ళీ పుట్టినట్టు ఇక్కడ. ఆ బిడ్డను ఇకనుంచి ఎవరూ కసురుకోరు, పెద్దమ్మను పిలిచినట్టే మర్యాదగా పిలుస్తారు. మామయ్య బిడ్డను తెచ్చి అన్సొమా చేతుల్లో పెట్టాడు. ఆవిడ ఆ చిన్న ముఖం చూసింది. ఇన్నేళ్ళూ ఏ యుద్ధం గురించీ ఎవరి ముందూ కంటతడి పెట్టని మనిషి, అందరిముందూ, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. పిన్నులు లేచి ఆవిడ మెడకూ భుజాలకూ సుద్ద పూశారు. నీ తలకు ఆయుష్షు అన్నారు. ఆవిడ జీవితంలో ఆ మాట తనకు వినబడటం అదే మొదలు.

దుఫీ అప్పటికే వాకిట్లో లేదు. కొత్తబట్ట మోకాళ్ళపైకి దోపుకుని, నిచ్చెనను ఈడ్చుకుంటూ పడమటి గోడకు చేరింది. ఆనించి, కాలు పెట్టి, ఆగి, వెనక్కి తిరిగి పెద్దమ్మ వంక చూసింది. అందరూ అటే చూస్తున్నారు.

అన్సొమా కొంగుతో ముక్కు తుడుచుకుంది. మెడ మీద సుద్ద కన్నీళ్ళకు తడిసి చారలు కట్టింది.

"నన్నేం అడుగుతావే? నేను మొన్న పుట్టినదాన్ని. పెద్దదానివి నువ్వే, ఎక్కు."